ఫ్రీవీల్ 28 నుంచి 34కి మార్చాక కొత్త చైన్ ఎన్ని లింకులకు కోయాలి?

కేఆర్‌పురం_రైడర్:

నమస్తే అందరికీ. చైన్ కోసే ముందే అడుగుదామని రాస్తున్నాను.

సైకిల్ 3x7 హైబ్రిడ్, అంటే ముందు మూడు, వెనక ఏడు పళ్ళ చక్రాలు. ముందు 42-34-24 పళ్ళు. వెనక ఇప్పటిదాకా 14-28 ఫ్రీవీల్ (వెనక పళ్ళ చక్రాల గుత్తి) ఉండేది. నంది హిల్స్ ఎక్కడానికి 24-28 గేరు (ముందు 24, వెనక 28) చాలడం లేదు, అందుకని 14-34 మెగారేంజ్ ఫ్రీవీల్ తెచ్చాను. వెనక డిరైలర్ (గేరు మార్చేటప్పుడు చైన్‌ని జరిపే భాగం) షిమానో ఆల్టస్ ఎం310. పెడల్ చేతులు తిరిగే క్రాంక్ ఇరుసు నడిమి నుంచి వెనక చక్రం ఇరుసు నడిమి దాకా కొలిస్తే 440 మి.మీ. వచ్చింది. పాత చైన్ లాకుతో కలిపి 108 లింకులు ఉంది. కొత్త చైన్ 7 స్పీడుది, పెట్టె మీద 116 అని రాసుంది, క్విక్ లింక్ (చైన్ కొసలు కలిపే ముక్క) విడిగా ఇచ్చారు.

షాపులో పాత చైన్ పక్కన పెట్టి అంతకే కోసేస్తామంటున్నారు. ఒక ఫ్రెండ్ ఏమో 116 లింకులూ అలాగే వేసెయ్, పొడుగుంటే నష్టమేముంది అంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? ఇంకోటి, పెట్టె మీద 116 అంటే లోపలి లింకు, బయటి లింకు విడివిడిగా లెక్కా, జత ఒకటా?

పళ్ళచక్రం:

చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. పెట్టె మీద అంకె విడివిడి లింకులది. ఒక పిన్ను నడిమి నుంచి పక్క పిన్ను నడిమి దాకా అరంగుళం, అంటే 12.7 మి.మీ. అదే ఒక లింకు. లోపలిది ఒకటి, బయటిది ఒకటి కలిస్తే అంగుళం. మామూలు చైన్‌లో లోపలి లింకు బయటి లింకుతోనే కలుస్తుంది కాబట్టి మొత్తం ఎప్పుడూ సరి సంఖ్యే రావాలి. 109కో 111కో కోస్తే అది కలవదు. ఇది గుర్తుంటే లెక్కలో సగం తప్పులు రావు.

షాపు వాళ్ళు చెప్పేది మామూలప్పుడు మంచి పద్ధతే. ముందూ వెనకా పళ్ళు మారకుండా, పాత చైన్ పొడవు సరిగ్గా ఉండుంటే, దాని లింకులు లెక్కపెట్టి కొత్తదాన్ని అంతకే కోయొచ్చు. మీకు పళ్ళు మారాయి కాబట్టి కుదరదు. ఎంత తేడా వస్తుందో చూడండి. చైన్ పళ్ళ చక్రం చుట్టూ సుమారు సగం వరకే చుట్టుకుంటుంది. అందువల్ల వెనక పెద్ద చక్రం 28 నుంచి 34 అయితే, పెరిగిన 6 పళ్ళకు చైన్ 3 లింకులు ఎక్కువ కావాలి. అంటే అంగుళంన్నర.

అంకెల్లో పెడితే, అంగుళాల్లో చైన్ పొడవు = 2 × చైన్‌స్టే + ముందు పెద్ద చక్రం పళ్ళు ÷ 4 + వెనక పెద్ద చక్రం పళ్ళు ÷ 4 + 1. చైన్‌స్టే అంటే మీరు కొలిచిన ఆ 440 మి.మీ., అంగుళాల్లో 17.32.

పాత ఫ్రీవీల్‌తో: 34.65 + 10.5 + 7 + 1 = 53.15. పైకి సవరిస్తే 54 అంగుళాలు, 108 లింకులు. మీ పాత చైన్ సరైన పొడవేనన్నమాట.

కొత్త ఫ్రీవీల్‌తో: 34.65 + 10.5 + 8.5 + 1 = 54.65. పైకి సవరిస్తే 55 అంగుళాలు, 110 లింకులు.

108కే కోసేస్తే ఏమవుతుంది? ఆ చివర కలిపిన 1 అంగుళం తీసేస్తే, 42-34 చుట్టూ డిరైలర్ లేకుండా చుట్టడానికే 53.65 అంగుళాలు కావాలి. మీ చేతిలో ఉన్నది 54. మిగిలేది మూడో వంతు అంగుళం. చైన్ డిరైలర్‌లోని రెండు పుల్లీల (చిన్న పళ్ళ చక్రాల) మధ్య ఎస్ ఆకారంలో మలుపు తిరిగి రావాలి, దానికి ఆ కాస్త చాలదు. పొరపాటున 42-34లోకి మార్చిన క్షణంలో డిరైలర్ ముందుకు లాగబడి బిగుసుకుంటుంది. కాలి బలం అంతా హ్యాంగర్ (డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) మీద పడుతుంది. హ్యాంగర్ వంగొచ్చు, విరగొచ్చు, డిరైలర్ చువ్వల్లోకి వెళ్ళి చక్రం కూడా పోవచ్చు. నేను ఆ గేరు వాడనులే అనుకోవద్దు. ఎక్కుడులో ఆయాసంగా ఉన్నప్పుడు వేలు లీవర్ మీదికి దానంతటదే పోతుంది.

మరి 116 అలాగే వేస్తే? మీ డిరైలర్ మొత్తం సామర్థ్యం, అంటే అది వదులు లాగి పట్టుకోగల పళ్ళ తేడా, 43 పళ్ళు. మీకు కావాల్సింది ముందు 42−24 = 18, వెనక 34−14 = 20, మొత్తం 38. మిగులు 5 పళ్ళు, అంటే రెండున్నర లింకుల వదులు మాత్రమే అది అదనంగా లాగి పట్టుకోగలదు. 110 మీద 6 లింకులు ఎక్కువైతే చిన్న-చిన్న గేర్లలో (ముందూ వెనకా చిన్న చక్రాల మీద) చైన్ వేలాడుతుంది, కింది వరస పై పుల్లీకి తగిలి గీసుకుంటుంది, గుంతల రోడ్డు మీద ఎగిరి చైన్‌స్టేకి కొడుతుంది, పడిపోతుంది కూడా. అయినా 108, 116 రెండిట్లో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే పొడుగుదే మేలు. పొడుగు చైన్ విసిగిస్తుంది, పొట్టి చైన్ విరగ్గొడుతుంది.

ఫార్ములా కాగితం మీది మాట. కోసే ముందు చైన్‌ని సైకిల్ మీదే చుట్టి చూడాలి:

1. పాత చైన్ తీసేసి కొత్త చైన్‌ని ముందు డిరైలర్ పంజరంలోంచి (చైన్ దూరి వెళ్ళే చట్రంలోంచి) పోనిచ్చి, ముందు 42 మీద, వెనక 34 మీద కూర్చోబెట్టండి. వెనక డిరైలర్‌లోంచి మాత్రం పోనివ్వొద్దు.

2. రెండు కొసలూ కింది వైపు దగ్గరకు లాగండి. వదులు లేకుండా, పళ్ళ మీద పూర్తిగా కూర్చోవాలి. ఒక కొసకు క్విక్ లింక్ సగం తగిలించి ఉంచండి, లేకపోతే ఒక లింకు లెక్క తప్పుతుంది.

3. నిజంగా కలపగలిగే అతి తక్కువ పొడవు ఎక్కడుందో చూడండి. కొసలు సగం లింకు దూరంలో ఆగితే, వెనక్కి కాదు, ముందుకు, అంటే పొడుగు వైపు జరగండి.

4. అక్కడి నుంచి ఇంకో 2 లింకులు, అంటే ఒక లోపలిది, ఒక బయటిది కలిపి గుర్తు పెట్టండి. కోయాల్సింది అక్కడ.

మీ కొలతలకు మూడో మెట్టులో 108, నాలుగో మెట్టులో 110 రావాలి. వేరే అంకె వస్తే కోయకుండా ఇక్కడ రాయండి.

స్పోక్_కీ:

లెక్క పైన అన్న చెప్పినదే. నేను కోసే పని గురించి చెప్తాను, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే.

110 అంటే క్విక్ లింక్‌తో కలిపి. క్విక్ లింక్ ఒక బయటి లింకు స్థానంలో కూర్చుంటుంది. కాబట్టి చైన్ మటుకు 109 ఉండాలి, రెండు కొసలూ లోపలి లింకులే అయ్యుండాలి. కోశాక ఒక కొసలో బయటి ప్లేట్లు కనిపిస్తే ఎక్కడో ఒకటి తప్పింది. అదే పిన్నుతో కలిపే చైన్ అయితే ఒక కొస లోపలిది, ఒక కొస బయటిది, మొత్తం 110. పెట్టె మీది 116ని నమ్మి 6 తీసేయకండి. క్విక్ లింక్‌ని ఆ అంకెలో కలిపారో లేదో కంపెనీని బట్టి ఉంటుంది. చైన్‌ని పేపరు మీద తిన్నగా పరిచి, పది పది లింకులకు ఒక దారం ముక్క కట్టుకుంటూ లెక్కపెట్టండి. పది లింకులంటే 127 మి.మీ., స్కేలుతో సరిచూసుకోవచ్చు.

షాపులో పాత చైన్ పక్కన పెట్టి కొసకు కొస సరిచూసి కోస్తారు, అందులో ఇంకో చిక్కుంది. అరిగిన చైన్ పొడుగవుతుంది. 108 లింకుల కొత్త చైన్ 1371.6 మి.మీ. ఒక శాతం అరిగితే సుమారు 1385. తేడా 13.7 మి.మీ., అంటే ఒక లింకు కన్నా ఎక్కువే. కొసలు కలిపి చూస్తే 109 వస్తుంది, అది కలవదు, అప్పుడు చేతికొచ్చినట్టు 108కో 110కో కోస్తారు. పక్కన పెట్టి చూసినా లెక్కపెట్టాల్సింది లింకులనే.

చైన్ కట్టర్‌లో చాలావాటికి రెండు మెట్లుంటాయి. హ్యాండిల్‌కి దగ్గరగా ఉన్న మెట్టు బిగుసుకున్న లింకుని వదులు చేయడానికి. పిన్ను తీయడానికి దూరంగా ఉన్న మెట్టులోనే చైన్ కూర్చోబెట్టాలి. దగ్గరి మెట్టులో పెట్టి తిప్పితే వెనక ఆసరా ఉండదు, కట్టర్ మెట్టే విరుగుతుంది. కట్టర్ మొన పిన్ను నడిమికి సరిగ్గా తగిలిందో లేదో మొదటి పావు తిప్పు తర్వాత ఆపి చూడండి. వంకరగా పోతే ప్లేటు రంధ్రం పగులుతుంది. క్విక్ లింక్ వేస్తున్నారు కాబట్టి పిన్ను పూర్తిగా బయటికి తోసెయ్యొచ్చు, దాచుకోనక్కర్లేదు. తీసిన పిన్నునే మళ్ళీ దిగ్గొట్టి కలిపే అలవాటు మన రోడ్డు పక్క షాపుల్లో ఉంది. ఇప్పటి గేర్ చైన్లలో పిన్ను కొసలు నొక్కి వెడల్పు చేసి ఉంటాయి, ఒకసారి బయటికొస్తే ఆ పట్టు పోతుంది, మళ్ళీ కొడితే తొక్కేటప్పుడు ప్లేటు ఊడొస్తుంది.

ఎక్కించేటప్పుడు వెనక డిరైలర్ పంజరంలో రెండు పుల్లీల మధ్య ఒక చిన్న రేకు నాలుక ఉంటుంది. చైన్ దానికి లోపలి వైపు నుంచి పోవాలి. బయటి వైపు నుంచి పోతే గేర్లు పడతాయి గానీ కర్రుమని శబ్దం వస్తూనే ఉంటుంది, జనం దాన్ని సెట్టింగు తప్పనుకుని స్క్రూలు తిప్పుతూ కూర్చుంటారు.

కలిపేటప్పుడు కొసలు జారిపోకుండా పాత చువ్వ ముక్కని రెండు కొక్కేలుగా వంచి రెండు వైపులా తగిలించండి, చేతులు ఖాళీ అవుతాయి. క్విక్ లింక్ రెండు సగాలూ ఎదురెదురుగా కలిపి, పెడల్ వెనక్కి తిప్పి దాన్ని పై వరసకు తీసుకురండి. వెనక బ్రేకు గట్టిగా పట్టుకుని పెడల్‌ని కిందికి తొక్కితే టక్కుమని కూర్చుంటుంది. 7, 8 స్పీడు క్విక్ లింకులు విప్పి మళ్ళీ వాడుకోవచ్చు. 10 నుంచి పైన చాలా కంపెనీలు ఒక్కసారికే అని రాస్తాయి, పెట్టె మీద చూసి నడుచుకోవాలి.

తురహళ్ళి_ట్రైల్స్:

ముందూ వెనకా పెద్ద చక్రాల మీద చుట్టి కొలిచే ఈ పెద్ద-పెద్ద పద్ధతి నేను వాడను. చైన్‌ని డిరైలర్‌లోంచి పోనిచ్చి చిన్న-చిన్నలో పెట్టి, కింది వరస పుల్లీకి తగలకుండా డిరైలర్ కాస్త బిగువు పట్టేదాకా లింకులు తగ్గించుకుంటూ వస్తే, ఆ డిరైలర్ మోయగలిగినంత పొడవు దొరుకుతుంది. పొడుగు మంచిదని మీరే అంటున్నారు కదా. మీ లెక్క కన్నా ఇది సులువు, టేపుతో పని లేదు.

పళ్ళచక్రం:

అన్నా, డిరైలర్ సామర్థ్యం చాలినప్పుడు మీరన్నది సరిగ్గా పనిచేస్తుంది. ఈ సైకిల్‌కే అలా చేస్తే 110 గానీ 112 గానీ వస్తుంది, రెండూ నడుస్తాయి. సామర్థ్యం చాలకపోతేనే అసలు ప్రమాదం. ఇదే సైకిల్‌కి 30 పళ్ళ సామర్థ్యమున్న పొట్టి పంజరం డిరైలర్ ఉందనుకోండి. కావాల్సింది 38, లోటు 8 పళ్ళు, అంటే 4 లింకులు. చిన్న-చిన్నలో వేలాడుతోందని ఆ 4 లింకులు తీసేస్తే చిన్న-చిన్న బాగుంటుంది, పెద్ద-పెద్దలో చైన్ 2 అంగుళాలు తక్కువ పడుతుంది. వేలాడటం కళ్ళకు కనిపిస్తుంది, పొట్టిదనం కనిపించదు, ఆ గేరు వేసినప్పుడే బయటపడుతుంది. అందుకే కోయడం ఎప్పుడూ పెద్ద-పెద్ద మీదే, చిన్న-చిన్న సరిచూడటానికి మాత్రమే. అక్కడ వేలాడితే ఆ గేరు వాడకండి, లేదా పొడుగు పంజరం డిరైలర్ కొనండి. చైన్ మాత్రం ముట్టుకోవద్దు.

తురహళ్ళి_ట్రైల్స్:

సరే, ఒప్పుకుంటాను. పొట్టి పంజరం సైకిళ్ళ విషయంలో మీ మాటే భద్రం. నేను 1x సైకిళ్ళ దృష్టితో రాశాను, అక్కడ ముందు ఒకటే చక్రం కాబట్టి సామర్థ్యం లోటు అరుదు.

1x12 వాళ్ళకు ఒక మాట. 50 పైన పళ్ళున్న వెనక చక్రాలకు అందరికీ 2 లింకులే అనుకోవద్దు. డిరైలర్‌ని బట్టి ఎన్ని కలపాలో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది, అదే పాటించాలి. వెనక సస్పెన్షన్ ఉంటే ఇంకో మెలిక. షాక్ నొక్కుకుంటున్నప్పుడు చాలా ఫ్రేముల్లో క్రాంక్ ఇరుసుకీ వెనక ఇరుసుకీ దూరం పెరుగుతుంది. కాబట్టి గాలి తీసేసి, షాక్‌ని నొక్కుతూ ఆ దూరం ఎక్కడ ఎక్కువుందో చూసి, ఆ స్థితిలో చైన్ చుట్టాలి. నిలబెట్టి కొలిచి కోస్తే తురహళ్ళిలో మొదటి పెద్ద దూకుడులోనే డిరైలర్ పోతుంది.

కేఆర్‌పురం_రైడర్:

అందరికీ చాలా థ్యాంక్స్. చుట్టి చూస్తే సరిగ్గా మీరు చెప్పినట్టే క్విక్ లింక్‌తో 108 దగ్గర కలుస్తోంది, 2 కలిపి 110కి కోశాను. 42-34లో డిరైలర్ ముందుకు సాగింది గానీ ఇంకా కాస్త వెసులుబాటు కనిపిస్తోంది. 24-14లో వేలాడటం లేదు.

ఒక్కటే ఇబ్బంది. వెనక 34 మీద ఉన్నప్పుడు పెడల్ వెనక్కి తిప్పితే టకటకమంటోంది. పై పుల్లీ 34 పళ్ళకు తగులుతున్నట్టుంది. చైన్ ఇంకా పొడుగు కావాలా?

స్పోక్_కీ:

చైన్ సరిగ్గానే ఉంది, దాన్ని కదపకండి. పాత 28కి సెట్ చేసిన పుల్లీ ఇప్పుడు 34కి దగ్గరైంది, అంతే. డిరైలర్‌ని హ్యాంగర్‌కి బిగించే పెద్ద బోల్టు పక్కన, వెనక వైపు ఒక చిన్న స్క్రూ ఉంటుంది, బీ-స్క్రూ అంటారు. చైన్‌ని ముందు 24, వెనక 34 మీద పెట్టి ఆ స్క్రూని గడియారం దిశలో తిప్పండి. పుల్లీ చక్రం నుంచి దూరం జరుగుతుంది. పుల్లీ పళ్ళకీ 34 పళ్ళకీ మధ్య 5 నుంచి 6 మి.మీ. ఖాళీ వచ్చాక ఆపండి. ఇంకా దూరం జరిపితే శబ్దం ఉండదు గానీ చిన్న చక్రాల మీద గేరు మార్పు మందగిస్తుంది.

ఆ ఫ్రీవీల్‌లో 24 నుంచి ఒక్కసారిగా 34కి దూకుడు ఉంటుంది. కాబట్టి చివరి గేరు కాస్త ఆలస్యంగా ఎక్కడం మామూలే, తొక్కుడు బలం తగ్గించి మార్చండి. స్క్రూ పూర్తిగా బిగించినా తగులుతుంటే హ్యాంగర్ లోపలికి వంగిందేమో వెనక నుంచి చూడండి. రెండు పుల్లీలూ, వెనక పళ్ళ చక్రమూ ఒకే నిలువు గీతలో కనబడాలి.

ఇంకో సంగతి, ముందు 34, 24 చక్రాల పళ్ళు కూడా చూసుకోండి. ఫ్రీవీల్, చైన్ రెండూ కొత్తవి కాబట్టి వెనక జారదు. కానీ ముందు పళ్ళు కొక్కేల్లా వంగి ఉంటే కొత్త చైన్ కింద సరిగ్గా వదలకుండా పంటితో పాటు పైకి లాగబడి ఫ్రేముకి ఇరుక్కుంటుంది. బురదలో ఇది ఎక్కువ.

బెల్లందూర్_రోడ్‌బైక్:

ఇదే చర్చలో అడిగేస్తున్నాను. నాది రోడ్ బైక్, ముందు 50-34, వెనక 11-32, 11 స్పీడు, చైన్‌స్టే 410 మి.మీ. ముందు పెద్దది, వెనక చిన్నది వేసి, రెండు పుల్లీలూ నేలకు నిలువుగా ఉండేలా కోయమని ఒకచోట చదివాను. అది నాకు పనికొస్తుందా?

పళ్ళచక్రం:

ఆ నిలువు పుల్లీల పద్ధతి షిమానో రోడ్ మాన్యువల్స్‌ది, వెనక పెద్ద చక్రం 27 పళ్ళు లేదా అంతకన్నా తక్కువ ఉన్నప్పటిది. 28, అంతకు మించితే పెద్ద-పెద్ద ప్లస్ 2 లింకులే. మీది 32 కాబట్టి అదే చేయండి. లెక్కకి 410 మి.మీ. అంటే 16.14 అంగుళాలు: 32.28 + 12.5 + 8 + 1 = 53.78, అంటే 54 అంగుళాలు, 108 లింకులు.

11 స్పీడులో పొడవు కన్నా రకం మీద ఎక్కువ జాగ్రత్త కావాలి. 6, 7, 8 స్పీడులకు ఒకే వెడల్పు చైన్ నడుస్తుంది, బయటి వెడల్పు సుమారు 7.1 నుంచి 7.3 మి.మీ. 9 నుంచి స్పీడు పెరిగే కొద్దీ సన్నబడుతుంది, 11కి అయిదున్నర మి.మీ. చిల్లర. షాపులో గేర్ చైన్ అని అడిగితే 8 స్పీడుదే చేతిలో పెడతారు. అది 11 చక్రాల మధ్య పక్క చక్రానికి రాసుకుంటుంది. క్విక్ లింక్ కూడా అదే స్పీడుది కావాలి. వెడల్పు లింకు సన్న చైన్‌లో లూజుగా ఆడుతుంది, ఊడుతుంది.

మార్చాల్సిన సమయం కూడా మీకు ముందే వస్తుంది. 12 అంగుళాల స్టీలు స్కేలు తీసుకుని ఒక పిన్ను నడిమికి సున్నా పెట్టండి, 24వ లింకు చివరి పిన్ను నడిమి 12 దగ్గర ఉండాలి. 11, 12 స్పీడుకి అర శాతం దాటితే, అంటే ఆ పిన్ను 12 అంగుళాల మీద పదహారో వంతు అంగుళం జరిగితే మార్చేయాలి. 5 నుంచి 10 స్పీడుకి ముప్పాతిక శాతం దాకా ఆగొచ్చు. ఎనిమిదో వంతు జరిగితే ఒక శాతం అరిగినట్టు, అప్పటికి వెనక పళ్ళ చక్రాలూ చైన్‌తో పాటే పోయుంటాయి. కొలిచేటప్పుడు పై వరస బిగువుగా ఉండాలి, అందుకు పెడల్ మీద కాస్త బరువు పెట్టండి. చైన్ సాగిందంటారు గానీ ప్లేట్లు సాగవు. పిన్ను, లోపలి ప్లేటు రాసుకునే చోట లోహం అరిగి ప్రతి లింకులో వదులు వస్తుంది. మన ఔటర్ రింగ్ రోడ్డు దుమ్ము, ఆ మీద వాన నీళ్ళు, రెండూ కలిస్తే ఆ సందులో సానరాయి పొడి నింపినట్టే.

నెల్లూరు_సుధ:

గేర్లు లేని సైకిల్ గురించి ఎవరూ రాయలేదు. మా నాన్నగారి పాత నల్ల సైకిల్‌కి చైన్ మార్చాలి, యలహంకలో ఉంటాం. డిరైలరే లేదు కదా, దానికి ఈ లెక్కలన్నీ ఎలా? చైన్ వదులు ఎంత ఉండాలి?

స్పోక్_కీ:

సుధ గారూ, దానికి ఇంకా సులువు. వెనక ఇరుసు కూర్చునే చీలిక పొడుగ్గా ఉంటుంది కదా, చక్రాన్ని అందులో ముందుకీ వెనక్కీ జరిపి బిగువు సరిచేస్తారు. పళ్ళు మార్చకపోతే పాత చైన్ లింకులు లెక్కపెట్టి అంతే ఉంచండి. కొత్తగా కొలవాలంటే, చక్రాన్ని చీలిక ముందు కొస నుంచి మూడో వంతు దూరంలో పెట్టి చైన్ చుట్టి, కలిసే చోట కోయండి. కొత్త చైన్ అరిగే కొద్దీ పొడుగవుతుంది కాబట్టి వెనక్కి జరపడానికి చీలికలో ఎక్కువ చోటు మిగలాలి. చక్రాన్ని చివరికంటా వెనక్కి లాగి కోస్తే కొన్నాళ్ళకే చైన్ వదులై పడిపోతుంటుంది, జరపడానికి చోటుండదు.

కొనేటప్పుడు ఎనిమిదో వంతు అంగుళం వెడల్పు చైన్ అని అడగండి. గేర్ సైకిళ్ళది సన్నగా ఉంటుంది, ఆ పాత మందం పళ్ళ మీద కూర్చోదు.

కింది వరస నడిమిలో వేలితో పైకీ కిందికీ ఆడిస్తే మొత్తం 10 నుంచి 12 మి.మీ. ఆట ఉండాలి. అంతకన్నా బిగిస్తే తొక్కడం బరువవుతుంది, ఇరుసు బాల్స్ త్వరగా పోతాయి. ఆ ముందు పళ్ళ చక్రాలు తరచుగా పూర్తి గుండ్రంగా ఉండవు. అందుకని పెడల్‌ని మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పుతూ, చైన్ అన్నిటికన్నా బిగువుగా వచ్చే చోట ఈ కొలత చూడండి. ఒకే చోట చూసి నట్టు బిగిస్తే సగం చుట్టులో వదులు, సగం చుట్టులో బిగువు.

ఆ చైన్‌కి క్లిప్పు లాకు ఉంటుంది. చేప ఆకారంలో ఉండే ఆ స్ప్రింగు ముక్కకి మూసిన కొస చైన్ కదిలే దిశకు ముందుండాలి. లాకు పై వరసలో ఉన్నప్పుడు మూసిన కొస ముందు చక్రం వైపు, తెరిచిన కొస వెనక చక్రం వైపు. తిరగేసి పెడితే దేనికో రాసుకుని క్లిప్పు ఊడుతుంది.

నెల్లూరు_సుధ:

థ్యాంక్స్ అండి. చక్రాన్ని వెనక్కి జరిపితే కాస్త బిగువు, లింకు జత తీస్తే మరీ బిగువు, మధ్యలో కుదరకపోతే?

స్పోక్_కీ:

అలాంటప్పుడు హాఫ్ లింక్ అని విడిగా దొరుకుతుంది. ఒక వైపు లోపలి వెడల్పు, ఒక వైపు బయటి వెడల్పు ఉన్న వంపు ముక్క. అది ఒకటి వేస్తే బేసి సంఖ్య చైన్ కూడా కలుస్తుంది, అరంగుళం దగ్గర సరిపెట్టుకోవచ్చు. చైన్ వెడల్పుకి సరిపోయేది అడగండి. గేర్ సైకిళ్ళకు మాత్రం దాన్ని వాడకండి, వంపు ముక్క డిరైలర్ పుల్లీల మీద, చక్రాల మధ్య సాఫీగా నడవదు.

పళ్ళచక్రం:

కేఆర్‌పురం అన్నా, కోసిన ఆ లింకులు పారేయొద్దు. జిప్ కవర్‌లో వేసి, ఇంకో 7 స్పీడు క్విక్ లింక్‌తో పాటు సీటు కింది సంచిలో పెట్టుకోండి, చిన్న కట్టర్ కూడా ఉంటే మరీ మంచిది. నంది దారిలో లింకు విరిగితే చెడిన లింకులు తీసేసి, దాచిన ముక్కలోంచి అన్నే లింకులు పెట్టి కలపొచ్చు. కలపకుండా ఉన్నవాటినే దగ్గరకు లాగి కలిపితే చైన్ 108 అవుతుంది. అలా కలపాల్సి వస్తే ఇల్లు చేరేదాకా ముందు 42తో వెనక 34 వేయకండి.